బెంగ అనుకున్నారు

ఆమెను అందరూ టైలరక్క అనేవారు. సొంత ఊళ్ళో ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని కుట్టేది. చేయి తిరిగిన మనిషి. కొలతలు తీసుకునేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఎదుటివాళ్ళు చెప్పే కబుర్లన్నిటికీ ఊఁ కొట్టేది. "మా కోడలికి మాట్లాడకుండా ఉండటానికి ఆ సూదులొక సాకు" అని అత్తగారు వచ్చినవాళ్ళతో చెప్పి నవ్వించేది. అత్తగారికి మాత్రం మాట్లాడకపోతే పొద్దుపోదు. మనిషి దొరక్కపోతే పొయ్యి మీది గిన్నెతోనైనా మాట్లాడుతుంది. పిల్లల్లేని ఆ ఇంట్లో సందడి అంటూ ఉందంటే అది ఆవిడ నోటి చలవే.

టైలరక్క భర్త పరదేశంలో ఒక మహానగరంలో సిటీ బస్సు నడిపేవాడు. వెళ్ళిన కొత్తలో మరో నలుగురితో కలిసి ఒకే గదిలో ఉన్నాడు. ఉద్యోగం కుదుటపడ్డాక, ఇల్లు చూశాను వచ్చెయ్యండని భార్యకూ తల్లికీ ఫోన్ చేశాడు. రెండు గదులు, వంటిల్లు, లోపలే స్నానాల గది. గోడకు బిగించిన గ్యాసు హీటరొకటి ఉందని, నీళ్ళు కాచేదీ, గొట్టాల్లోంచి ఇల్లంతా వెచ్చబెట్టేదీ అదేనని గొప్పగా చెప్పాడు. టైలరక్క తన మిషన్‌ని తన దగ్గర పని నేర్చుకున్న పిల్లకు ఇచ్చేసింది. అత్తగారు మాత్రం ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ తిరిగి, తన కొడుకు బస్సెక్కితే టిక్కెట్టు ఉండదని చెప్పుకుని మరీ బయల్దేరింది.

వాళ్ళు దిగేసరికి చలి మొదలవుతోంది. ఇల్లు ఒక పాత అయిదంతస్తుల ఇటుక భవనంలో, మొదటి అంతస్తులో ఉంది. పైకప్పు మరమ్మతులు జరుగుతున్నాయని భవనం చుట్టూ ఇనుప కమ్ములు కట్టి, ఆకుపచ్చ వల కప్పారు. కిటికీలోంచి చూస్తే వీధంతా ఆ వల వెనక మసగ్గా, నీళ్ళలో ఉన్నట్టు కనిపించేది. కొద్దిరోజుల్లో తీసేస్తారని ఇంటి ఏజెంటు చెప్పాడట.

వీధిలో పక్కపక్కనే క్షౌరశాల, ఫోన్లు బాగుచేసే కొట్టు, కూరగాయల కొట్టు. ఒక్కో బోర్డు మీద ఒక్కో లిపి. మెట్లెక్కుతుంటే ఒక్కో తలుపు దగ్గర ఒక్కో పోపు వాసన, ఒక్కో భాషలో టీవీ. అత్తగారు మెట్ల మధ్యలో ఆగి, ఇన్ని దేశాలవాళ్ళు ఒకే చోట ఎలా సర్దుకున్నార్రా అని కొడుకుని అడిగింది. ఎవరి పని వాళ్ళు చూసుకుంటారమ్మా, ఒకరి జోలికొకరు రారు అన్నాడు అతను. అది మంచి మాటగానే చెప్పాడు. ఆవిడకు అది నచ్చలేదు. అలాగైతే మనిషి పోయినా తెలీదు కదరా అంది.

ఎదురింట్లో ఒంటరిగా ఒక ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇంకా అలవాటు పోక, చెడిన చేతి గడియారాలు ముందేసుకుని కూర్చునేవాడు. ఆయనది ఏ దేశమో వీళ్ళకు తెలియదు. అత్తగారు తలుపు తీసి తెలుగులో పలకరించేది. ఆయన తన భాషలో జవాబు చెప్పేవాడు. ఒక్క మాటైనా అర్థం కాకుండా ఇద్దరూ గుమ్మాల్లో నిలబడి చాలాసేపు మాట్లాడుకునేవారు. ఒకరోజు కొడుకు నవ్వి, ఏం చెప్తున్నాడమ్మా అని అడిగాడు.

"మోకాళ్ళ నొప్పులట. కూతురు దూరంగా ఉందట" అంది ఆవిడ.

"నీకెలా తెలుసు?"

"ఈ వయసులో ఇంకేం చెప్తార్రా?"

టైలరక్కకు మెట్రో స్టేషన్ పక్కన ఒక చిన్న షాపులో పని దొరికింది. ప్యాంట్ల పొడుగు తగ్గించడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకు కుట్లు విప్పడం. షాపు యజమానురాలు భారీ మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతుండేది. ఆమెదీ పరదేశమే. పనిచేసే మరో ఇద్దరివి ఇంకో రెండు దేశాలు. అందరికీ ఆ నగరపు భాష వచ్చీరానట్టే వచ్చు. సూది చూపించి, వేళ్ళతో కొలిచి, సైగలతో పని జరిగిపోయేది. మాట్లాడనవసరం లేని ఆ చోటు టైలరక్కకు హాయిగా అనిపించింది. ఇక్కడ బతికెయ్యగలననే ధీమా వచ్చింది.

అప్పుడు చలి ముదిరింది. ఒక సెలవురోజు భర్త వెడల్పాటి టేపు చుట్టలు తెచ్చి, కిటికీల సందులన్నీ మూసేశాడు. పాత కిటికీలు, గాలి ఈలవేస్తూ లోపలికొచ్చేది. అత్తగారు టేపుని పళ్ళతో తెంపి అందించింది. సాయంత్రానికి ఇల్లు వెచ్చగా, చప్పుడు లేకుండా, మూతపెట్టిన డబ్బాలా తయారైంది. భర్త సోఫాలో కాళ్ళు చాపుకుని, ఇక మంచు కురవనీ చూద్దాం అన్నాడు. నిజంగానే ఆ వారంలోనే మంచు పడింది. పైకప్పు పనివాళ్ళు ఎక్కడి సామాను అక్కడే వదిలేసి రావడం మానేశారు. వల అలాగే ఉండిపోయింది.

మొదట తలనొప్పి అత్తగారికి వచ్చింది. చలిగాలి చెవుల్లో దూరిందనుకుంది. తర్వాత కడుపులో తిప్పడం, అన్నం సహించకపోవడం. పగలంతా ఇంట్లోనే ఉండే ఆవిడ పగలంతా నిద్రపోవడం మొదలుపెట్టింది. గిన్నెలతో మాట్లాడే మనిషి కోడలు పలకరించినా రెండోసారికి గానీ పలకడం లేదు.

టైలరక్కకూ పొద్దున్నే లేచేసరికి తల బరువుగా ఉండేది. షాపుకెళ్ళిన కొత్తలో చకచకా దూరే దారం ఇప్పుడు సూది బెజ్జం చుట్టూ తిరిగేది. ఒకరోజు మిషన్ సూది వేల్లోకి దిగింది. నొప్పి కూడా ఆలస్యంగా తెలిసింది. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం మబ్బు విడిపోయినట్టు తల తేలికయ్యేది. సాయంత్రం ఇంటికెళ్ళి వంట ముగించేసరికి మళ్ళీ కణతలు లాగేవి.

భర్తతో చెబితే బెంగ అన్నాడు. కొత్తలో తనకూ అలాగే ఉండేదట, ఒంట్లో ఏదో నలతగా, ఏ పనీ చెయ్యబుద్ధి కాకుండా. అతను తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళి సాయంత్రానికి వస్తాడు. సెలవురోజు ఇంట్లో ఉంటే అతనికీ తలనొప్పి వచ్చేది. వారమంతా స్టీరింగు పట్టుకున్న అలసటని సరిపెట్టుకునేవాడు. క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు కూడా మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. కొత్త దేశం, కొత్త వాతావరణం, వయసు, కాస్త బెంగ అన్నాడు. బలానికి మాత్రలు రాసి, రోజూ కాసేపు బయట తిప్పమన్నాడు.

తిప్పారు. పార్కులో బోసిపోయిన చెట్ల కింద నడుస్తుంటే అత్తగారికి ప్రాణం లేచొచ్చినట్టయింది. బల్ల మీద కూర్చున్న ఎవరో ఇద్దరు ఆడవాళ్ళను తెలుగులో పలకరించింది కూడా. కొడుకు మొహం విప్పారింది. చూశావా, డాక్టరు చెప్పింది నిజమే, బెంగే అన్నాడు. ఆ సంతోషంలోనే ఇంటికొచ్చి, తల్లి చలికి వణుకుతోందని హీటరు ఇంకాస్త పెంచాడు.

ఆ తర్వాత అత్తగారు ఇంకో మాట మొదలుపెట్టింది. పగటిపూట ఇంట్లో ఎవరో తిరుగుతున్నారంది. నిద్రపట్టే ముందు మంచం పక్కన వచ్చి నిలబడుతున్నారట. గుండె మీద చెయ్యి పెట్టి అదుముతున్నట్టు ఉంటోందట. భయపడుతూ చెప్పలేదు, పాలవాడు వచ్చాడన్నంత మామూలుగా చెప్పింది. టైలరక్కకు ఒళ్ళు జలదరించింది. అద్దెకు దిగేముందు ఆ ఇంట్లో ఎవరున్నారో ఏజెంటుని అడగమని భర్తకు చెప్పింది. ఇలాంటివి అడిగితే మనల్ని చూసి నవ్వుతారని అతను చెవిన పెట్టలేదు.

గడియారాలాయన గుమ్మంలోకి రావడం తగ్గించాడు. వచ్చినా గోడ పట్టుకుని నిలబడేవాడు. ఒకరోజు అత్తగారి వంక చూస్తూ తల రెండు చేతులతో పట్టుకుని ఏదో చెప్పాడు. ఆవిడా తన తల పట్టుకుని చూపించింది. ఆ ఒక్క రోజే వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైంది. కానీ దానివల్ల ఏమీ జరగలేదు. కొన్నాళ్ళకు ఆయన కుర్చీలోనే పోయాడు. ముందు గడియారాలు పరిచి ఉన్నాయట, చేతిలో పట్టకారు ఉందట. పెద్దవయసు, గుండె ఆగిపోయి ఉంటుందన్నారు. ఎవరో ఇద్దరు వచ్చి తీసుకెళ్ళారు. కూతురు వచ్చిందో, అసలు కూతురనేది ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. తలుపుకు తాళం పడింది.

అత్తగారు ఏడవలేదు. కిటికీ వైపు చూస్తూ, "ఇంట్లో తిరిగేవాళ్ళు ముందు ఆ ఇంటికి వెళ్ళారు" అంది.

మర్నాడు షాపులో టైలరక్క ఒక కోటు చెయ్యి తిరగేసి కుట్టింది. యజమానురాలు తిట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. పొద్దున్న నీ మొహం ఒకలా ఉంటుంది, భోజనం వేళకు ఇంకోలా ఉంటుంది, నెలరోజులుగా చూస్తున్నానని ముక్కలు ముక్కలుగా, సైగలతో చెప్పింది. ఆఖర్న ఒక మాట నెమ్మదిగా, టైలరక్కకు అర్థమయ్యేలా విడదీసి పలికింది.

"నీ ఇల్లు. నిన్ను. తింటోంది."

ఆమె ఏ ఉద్దేశంతో అన్నదో టైలరక్కకు తెలియదు. అత్తగారి మాటలూ ఈ మాటా కలిసి గుండెలో రాయిలా పడ్డాయి. ఆ సాయంత్రం భర్తతో, ఎక్కడికైనా సరే ఇల్లు మారిపోదామంది. ఎప్పుడూ అడగని మనిషి అడిగిందని అతనూ మెత్తబడ్డాడు. చలి తగ్గగానే చూద్దామన్నాడు. ఇప్పుడే వెళ్దామని పట్టుబట్టాల్సింది. కానీ తల దిమ్ముగా ఉంది, కుర్చీలోంచి లేవడానికే ఓపిక లేదు. సరే అంది.

తర్వాత విపరీతంగా మంచు పడింది. కరిగినట్టే కరిగి గడ్డకట్టింది. ఒక మధ్యాహ్నం షాపులో కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయాయి, ఎంతసేపటికీ రాలేదు. యజమానురాలు అందరినీ ఇళ్ళకు వెళ్ళమంది. టైలరక్క అలా పగటివేళ ఇంటికి రావడం అదే మొదలు.

తలుపు తీయగానే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. కిటికీ అద్దాలన్నీ లోపలి వైపు చెమట పట్టి నీళ్ళు కారుతున్నాయి. స్నానాల గదిలో పంపు తిప్పి ఉంది, హీటరు గుర్రుమంటోంది. అత్తగారు ఆ గది గడప మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా, చిన్నపిల్ల నిద్రపోతున్నట్టుంది. ఇన్నాళ్ళకు మొహంలో కళ వచ్చిందే అని టైలరక్కకు ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు వణుకొస్తుంది.

అత్తయ్యా అని పిలిచింది. కుదిపింది. మెడ వాలిపోయింది. పంపు కట్టేసి, లేపబోతే తన మోకాళ్ళే వంగిపోయాయి. ఎవరో చీకట్లోంచి చీర కప్పుతున్నట్టు కళ్ళ ముందు నల్లబడుతోంది. మంచం మీది దుప్పటి లాగి నేల మీద వేసి, ఆవిడను దాని మీదికి దొర్లించి, కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ ఈడ్చింది. గుమ్మం దాటి మెట్ల దగ్గరికి తెచ్చేసరికి ఊపిరి అందలేదు. మెట్ల మధ్య ఖాళీలోకి వంగి, నోట్లో గుండుసూదులతో బతుకంతా గడిపిన ఆ మనిషి గొంతు చించుకుని అరిచింది.

"రండి! ఎవరైనా రండి! మా అత్తయ్య పోతోంది, రండి!"

తెలుగులోనే అరిచింది. ఇంకే భాషా నోటికి రాలేదు. కానీ పైనుంచీ కిందనుంచీ తలుపులు తెరుచుకున్నాయి. రెండో అంతస్తులో ఉండే హోటల్ వంటాయన, పగలు నిద్రపోయేవాడు, బనీనుతోనే దిగి వచ్చి అత్తగారిని భుజాన వేసుకుని వీధిలోకి మోసుకెళ్ళాడు. అతని కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు.

అంబులెన్సులోంచి దిగిన అమ్మాయి, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమో చూడటానికి మెట్లెక్కింది. ఆమె సంచికి చిన్న పెట్టె ఒకటి వేలాడుతోంది. గుమ్మం దగ్గరికి వెళ్ళగానే ఆ పెట్టె కీచుమంటూ మోగడం మొదలుపెట్టింది. ఆమె ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, అందరినీ బయటికి తోసింది. తర్వాత పై అంతస్తుల తలుపులన్నీ పిడికిలితో బాదుతూ వెళ్ళింది. పెట్టె మోగుతూనే ఉంది.

కాసేపటికి భవనమంతా మంచులో నిలబడి ఉంది. దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు, చెప్పుల్లేనివాళ్ళు, పసిబిడ్డల్ని కోటులో దాచుకున్నవాళ్ళు. అప్పుడు మొదటిసారి అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. వంటాయన తలమీద చెయ్యి పెట్టుకుని, నాకూ అన్నట్టు సైగ చేశాడు. పక్కనున్నావిడ తన పొట్ట తిప్పుతున్నట్టు చూపించింది. ఇంకొకాయన తన కూతుర్ని చూపించి, కళ్ళు మూసి, నిద్ర అన్నాడు. వాళ్ళందరికీ అదే జరుగుతోంది. ఎవరికి వాళ్ళు తమ దేశం గుర్తొచ్చి బెంగ అనుకున్నారు, లేదా పని ఎక్కువై అలసట అనుకున్నారు.

అగ్నిమాపక దళంవాళ్ళు పైకెక్కి చూశారు. మరమ్మతులు చేసేవాళ్ళు పొగ గొట్టంలో సిమెంటు పడకుండా మూతికి ప్లాస్టిక్ పట్టా కట్టి, విప్పడం మరిచిపోయారు. పక్కల సందుల్లోంచి పోతున్న కాస్త పొగకు కూడా గడ్డకట్టిన మంచు అడ్డుపడింది. హీటర్లన్నిటి పొగకూ అదే దారి. బయటికి పోవలసిన విషవాయువు గదుల్లోకి తిరిగి వచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. బస్సు మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చిన భర్త ఆ మాట విని, తను అతికించిన కిటికీల వంక తలెత్తి చూశాడు.

టైలరక్క ఒక ఫైర్‌మన్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, తాళం వేసిన ఎదురింటి తలుపు చూపించింది. కుర్చీలో కూర్చుని పోయిన మనిషిలా తల వాల్చి చూపించింది. అతను తలుపునీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. ఎప్పుడు అని అడిగాడు. చెప్పింది. అతను ఇంకేమీ అడగలేదు. ఆయన గురించి అడగడానికి ఎవరూ లేరు గనక తర్వాత కూడా ఎవరూ ఏమీ తేల్చలేదు. పనివాళ్ళ తప్పని ఏజెంటు, ఏజెంటు తప్పని పనివాళ్ళ కంపెనీ చెప్పుకుంటూ వచ్చారు.

ఆసుపత్రిలో అత్తగారు మర్నాటికి కళ్ళు తెరిచింది. ముక్కుకు గొట్టంతోనే నర్సుకు తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. కొడుకు బయట వరండాలో కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. వేరే పేటలో, కొత్త భవనంలో ఇల్లు తీసుకున్నారు. ఆవిడ నడిచింది, తిన్నది, కొత్త ఇరుగుపొరుగుని పలకరించింది. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

కొన్ని వారాలకు ఒక పొద్దున్న ఆవిడ మంచం దిగకుండా కూర్చుని, తన సామాన్లు ఎవరు సర్దారని కోడల్ని అడిగింది. ఏ సామాన్లని టైలరక్క అడిగింది. ప్రయాణం సామాన్లని ఆవిడ విసుక్కుంది. డాక్టర్లు మళ్ళీ పరీక్షలు చేశారు. ఈ విషం ఎక్కినవాళ్ళలో కొందరు ఇలాగే కోలుకున్నట్టు కనిపించి, తర్వాత జారిపోతారని చెప్పారు. కొందరు తిరిగి వస్తారట. ఈవిడ వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

విమానం ఎక్కిన సంగతి ఆవిడ జ్ఞాపకంలో లేదు. వల కప్పిన ఇల్లు లేదు, ఎదురింటాయన లేడు. ఇంకా సొంత ఊళ్ళోనే ఉన్నాననుకుంటుంది. కొడుకు ఇంట్లోకి వస్తే, సెలవు దొరికిందా అని అడుగుతుంది. మొదట్లో టైలరక్క, వచ్చేశాం అత్తయ్యా, ఇదే ఆ ఊరు అని చెప్పి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వీధి చూపించింది. ఆవిడ భయపడిపోయి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటినుంచి చెప్పడం మానేసింది.

ఇప్పుడు టైలరక్క షాపు పని ఇంటికే తెచ్చుకుంటోంది. యజమానురాలు తనే ఒక మిషన్ తెచ్చి గదిలో పెట్టించింది. అత్తగారిని ఒక్కదాన్నీ వదలడానికి లేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చోబెట్టి, ఏదో ఒకటి మాట్లాడుతూ కుడుతుంది. గదిలో మాటలు ఆగిపోతే ఆమెకు భయం.

మొన్న ఒక ప్యాంటు అంచు మడుస్తుంటే అత్తగారు అడిగింది, "అమ్మాయ్, మనం ఆ ఊరు ఎప్పుడెళ్తున్నాం?"

"వచ్చే నెల, అత్తయ్యా."

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, కొడుకు వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"వాడితో అనకు గానీ, నాకెందుకో అక్కడికెళ్ళాలని లేదే. ఏదో జరుగుతుందనిపిస్తోంది."

టైలరక్క మిషన్ తొక్కడం ఆపి, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.